‘కంపెనీ మూసేశారు’ అంటే ఏమిటి? వాహన విడిభాగాల పరిశ్రమలో మూసివేతలు, ఉద్యోగ కోతల వెనక ఉన్న లెక్కలు

జర్మనీకి చెందిన బాష్ సంస్థ 2025 సెప్టెంబరులో తన వాహన విడిభాగాల విభాగంలో మరో 13,000 ఉద్యోగాలు తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. అంతకు ముందు ఏడాదే జడ్‌ఎఫ్ అనే మరో జర్మన్ సంస్థ, 2028 చివరిలోగా సొంత దేశంలో 14,000 వరకు ఉద్యోగాలు తగ్గుతాయని చెప్పి ఉంది. కాంటినెంటల్, షెఫ్లర్, వాలెయో, మిషెలిన్ కూడా అదే వరసలో ఉన్నాయి. ఇవన్నీ ఐరోపా సంగతులే. అయినా కావలిలోనో కందుకూరులోనో కూర్చుని ఫోనులో ఆ వార్త చదివిన తల్లిదండ్రులకు ముందుగా వచ్చే సందేహం ఒక్కటే: చెన్నై దగ్గర ఒరగడంలోనో శ్రీపెరంబుదూరులోనో పనిచేస్తున్న తమ పిల్లవాడి కంపెనీ కూడా మూతపడుతుందా?

నెల్లూరు చుట్టుపక్కల ప్రాంతానికి ఆ సందేహం రావడం సహజం. ఉదయగిరి, కనిగిరి వైపు మెట్ట ఊళ్లలో ఐటీఐ గానీ డిప్లొమా గానీ పూర్తి చేసిన కుర్రవాళ్లలో చాలామందికి మొదటి ఉద్యోగం చెన్నై చుట్టుపక్కల ఏదో ఒక విడిభాగాల ఫ్యాక్టరీలోనే దొరుకుతుంది. సూళ్లూరుపేట నుంచి చెన్నై వైపు వెళ్లే లోకల్ రైళ్లలో గుమ్మిడిపూండి పారిశ్రామికవాడకు రోజూ వెళ్లివచ్చే కార్మికులు ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు నెల్లూరు జిల్లాలోనే ఉన్న తడకు ఆనుకుని శ్రీసిటీ ఉంది. అక్కడ ఇసుజు వాహనాల కర్మాగారం, ఆ దగ్గరలోనే హీరో ద్విచక్ర వాహనాల, అపోలో టైర్ల కర్మాగారాలు ఉన్నాయి. వాహన పరిశ్రమ తుమ్మితే ఇక్కడి ఇళ్లలో జలుబు చేస్తుంది.

అయితే ‘మూసేశారు’, ‘తీసేశారు’ అనే రెండు మాటల కింద చాలా వేర్వేరు సంగతులు కలగాపులగంగా కలిసిపోయి ఉన్నాయి. ఏ సంగతి జరిగిందో తెలిస్తే తప్ప దాని కారణం గానీ, కార్మికుడికి రావలసింది గానీ తేలదు. నా దృష్టిలో ఇందులో ముఖ్యమైన విషయం ఒకటుంది. కోత పడినప్పుడు ఎవరు ఎంత నష్టపోతారనేది వాళ్ల నైపుణ్యం మీద కన్నా, సరఫరా గొలుసులో వాళ్లు ఏ అంచెలో ఉన్నారు, వాళ్ల చేతిలో ఏ కాగితం ఉంది అన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. అందుకని ముందు గొలుసు సంగతి చూడాలి.

రొయ్యల చెరువుతో పోల్చి చూస్తే: కారు వెనక ఉన్న అంచెలు

కారు మీద పేరు ఉన్న కంపెనీ కారు మొత్తాన్ని తయారు చేయదు. సాధారణంగా బాడీకి రేకులు వంచి అతకడం, రంగు వేయడం, చివరగా అన్నింటినీ కూర్చడం, కొన్ని చోట్ల ఇంజిన్ తయారీ, ఇంతవరకే దాని చేతిలో ఉంటుంది. సీట్లు, బ్రేకులు, లైట్లు, స్టీరింగ్, వైరింగ్ వంటివి నేరుగా దానికి అమ్మే సంస్థలను మొదటి అంచె సరఫరాదారులు అంటారు. ఫ్యాక్టరీలలో వినిపించే ‘టియర్ వన్’ ఇదే. వాళ్లకు చిన్న భాగాలు చేసి ఇచ్చేది రెండో అంచె. ఆ రెండో అంచెకు డైలు, అచ్చులు, పోతపోసిన ముడి భాగాలు, పూత పని అందించేది మూడో అంచె. కింది అంచెకు వెళ్లేకొద్దీ యూనిట్లు చిన్నవవుతాయి, కొనుగోలుదారులు తగ్గుతారు.

ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల రైతులకు ఈ గొలుసు గురించి వేరే చెప్పనక్కర్లేదు. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ ముందు ఎగుమతిదారుకు, తరవాత ప్రాసెసింగ్ ప్లాంటుకు, అక్కడి నుంచి కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న దాన్ని బట్టి కట్టే ధర) రూపంలో చెరువు గట్టుకు చేరింది. మేత అమ్మేవాడు, సీడు అమ్మేవాడు, పట్టుబడికి వచ్చే కూలీ కూడా అందులో భాగస్వాములయ్యారు. నిర్ణయం జరిగిన చోటు ఎంత దూరమైతే, దాని గురించి తెలిసేసరికి అంత ఆలస్యమవుతుంది, బేరమాడే శక్తి అంత తగ్గుతుంది. విడిభాగాల గొలుసు కూడా సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. ఒక తేడా మాత్రం ఉంది. రొయ్యను మరో దేశానికైనా అమ్మవచ్చు. ఒక కారు మోడలు కొలతలకు చేసిన అచ్చులో పోసిన భాగం మరో కారుకు సరిపోదు. ఆ మోడలు ఆగిపోయిన రోజున ఆ అచ్చు ఇనుప ముద్దతో సమానం.

ఒకే మాటకు నాలుగు అర్థాలు

ఐటీ కంపెనీల వార్తల వల్ల ‘లేఆఫ్’ అంటే ఉద్యోగం ఊడటం అని అందరికీ స్థిరపడిపోయింది. కార్మిక చట్టంలో దాని అర్థం దాదాపు వ్యతిరేకం. ముడిసరుకు, బొగ్గు, కరెంటు లేకపోవడం వల్లనో, సరుకు పేరుకుపోవడం వల్లనో, యంత్రం చెడిపోవడం వల్లనో యజమాని ఆ రోజుకు పని చూపలేకపోతే దాన్ని లేఆఫ్ అంటారు. కార్మికుడి పేరు రిజిస్టరులోనే ఉంటుంది, ఉద్యోగ బంధం తెగదు. నిర్ణీత సర్వీసు ఉన్న కార్మికుడికి ఆ రోజులకు మూలవేతనం, కరవు భత్యం కలిపిన మొత్తంలో సగం చెల్లించాలి. 2021లో చిప్‌ల కొరత వచ్చి కార్ల కంపెనీలు రోజుల తరబడి ఉత్పత్తి ఆపుకున్నప్పుడు విడిభాగాల ఫ్యాక్టరీలు చూసింది ఎక్కువగా ఈ రకం ఖాళీ రోజులే.

రిట్రెంచ్‌మెంట్ అంటే క్రమశిక్షణ చర్యగా కాకుండా, మనుషులు ఎక్కువయ్యారనో మరో కారణంతోనో యజమాని ఉద్యోగం నుంచి తొలగించడం. ఇది అసలైన ఉద్యోగ కోత. క్లోజర్ అంటే ఆ యూనిట్‌నో, అందులో ఒక భాగాన్నో శాశ్వతంగా మూసివేయడం. లాకౌట్ వేరు: వివాదం నడుస్తున్నప్పుడు కార్మికుల మీద ఒత్తిడి కోసం యజమాని గేటు మూయడం అది, వివాదం ముగిస్తే తెరుచుకుంటుంది. గేటుకు తాళం చూసిన మనిషికి ఈ మూడోదీ నాలుగోదీ ఒకేలా కనిపిస్తాయి, ఫలితాలు మాత్రం పూర్తిగా వేరు.

వీటిలో దేనికిందికీ రానిది మరొకటుంది, మన పిల్లలకు ఎక్కువగా ఎదురయ్యేది అదే. కాంట్రాక్టరు ద్వారా చేరిన కార్మికుడికి ‘రేపటి నుంచి రావద్దు’ అని సూపర్‌వైజరు చెప్పడం. నిర్ణీత కాలపు ఒప్పందం గడువు తీరిపోతే దాన్ని పొడిగించకపోవడం కూడా ఇలాంటిదే. చట్టం దాన్ని రిట్రెంచ్‌మెంట్‌గా లెక్కించదు. ఈ రకం కోతలు ఏ ప్రకటనలోనూ కనిపించవు. 2019 నాటి మాంద్యంలో విడిభాగాల తయారీదారుల సంఘం అక్మా, సుమారు లక్ష మంది తాత్కాలిక కార్మికులు ఉపాధి కోల్పోయారని వెల్లడించింది. లక్ష మంది పని పోగొట్టుకున్నా, ఒక్క పెద్ద ఫ్యాక్టరీ గేటుకు కూడా తాళం పడనక్కర్లేదు.

ఉత్పత్తి 30 శాతం తగ్గితే లాభమంతా ఎక్కడికి పోతుంది?

కార్ల అమ్మకాలు కాస్త తగ్గినంత మాత్రాన ఫ్యాక్టరీ మూసే దాకా ఎందుకు వస్తుందని చాలామంది అడుగుతారు. దీనికి ఊహించిన చిన్న లెక్క ఒకటి చూద్దాం. రెండో అంచెలో ఉన్న ఒక యూనిట్ నెలకు లక్ష బ్రాకెట్లు (భాగాలను పట్టి ఉంచే ఇనుప ముక్కలు) చేయగలదు. ఒక్కొక్కటి 100 రూపాయలకు అమ్ముతుంది. ఇనుప రేకు, కరెంటు, రవాణా, కాంట్రాక్టు కార్మికుల కూలి కలిసి ఒక్కో బ్రాకెట్‌కు 60 రూపాయలు ఖర్చు. ఇది పని జరిగితేనే అయ్యే ఖర్చు. షెడ్డు అద్దె, ప్రెస్సుల (రేకును నొక్కి ఆకారం ఇచ్చే యంత్రాల) మీద తెచ్చిన అప్పు వాయిదా, పర్మినెంట్ సిబ్బంది జీతాలు కలిసి నెలకు 30 లక్షలు. ఇది పని ఉన్నా లేకున్నా తప్పని ఖర్చు.

పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఒక్కో బ్రాకెట్ మీద మిగిలే 40 రూపాయల చొప్పున 40 లక్షలు వస్తాయి, 30 లక్షలు పోగా 10 లక్షల లాభం. ఆర్డరు 75,000కు పడిపోతే మిగులు 30 లక్షలే, లాభమూ లేదు నష్టమూ లేదు. 70,000కు పడితే నెలకు 2 లక్షల నష్టం. అంటే ఆర్డరు పోయింది 30 శాతమే, లాభం మాత్రం మొత్తంగా పోయి ఎదురు నష్టం మొదలైంది.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. వాహన పరిశ్రమలో ఏటా ధర కొంత తగ్గించి ఇవ్వాలని కొనుగోలుదారులు సరఫరాదారులను అడగడం ఆనవాయితీ. మన యూనిట్ 3 శాతం తగ్గించిందనుకుందాం. 100 రూపాయల బ్రాకెట్ 97 అయింది, మిగులు 40 నుంచి 37కు దిగింది. ఇప్పుడు నష్టం రాకుండా ఉండాలంటే 75,000 సరిపోవు, 81,000 పైచిలుకు బ్రాకెట్లు అమ్మాలి. ఏడాదికేడాది సాంకేతికత మెరుగుపరచుకుని ఖర్చు తగ్గించుకోలేని యూనిట్ ఇలా ఎవరూ గమనించకుండానే అంచుకు చేరుతుంది. బయటివాళ్లకు అమ్మకాలు పడిపోవడం వల్ల మూతపడినట్టు కనిపించినా, అమ్మకాలు ఆఖరి తోపు మాత్రమే ఇచ్చి ఉంటాయి.

అదే లెక్కలో కూలి సంగతి కూడా చూడాలి. ఆ 60 రూపాయలలో 6 రూపాయలు కాంట్రాక్టు కూలి అనుకుంటే, పూర్తి ఉత్పత్తికి నెలకు 6 లక్షలు, అంటే నెలకు 15,000 చొప్పున 40 మంది. ఉత్పత్తి 30 శాతం తగ్గిన నెలలో 12 మందికి పని ఉండదు. యజమాని లెక్కల పుస్తకంలో వాళ్లు ఇనుప రేకుతో పాటు ‘పని జరిగితేనే అయ్యే ఖర్చు’ అనే గడిలో ఉన్నారు. షెడ్డు అద్దె ఆ గడిలో లేదు. మాంద్యం వస్తే ముందు పోయేవాళ్లెవరో ఆ గడులే నిర్ణయిస్తాయి.

మూసివేతకు దారితీసే కారణాలు ఒక్కటి కాదు

మొదటిది, పెద్ద కొనుగోలుదారు వెళ్లిపోవడం. ఫోర్డ్ 2021 సెప్టెంబరు 9న భారత్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందని, సుమారు 4,000 మంది ఉద్యోగుల మీద ప్రభావం పడుతుందని చెప్పింది. చెన్నై దగ్గర మరైమలై నగర్ కర్మాగారంలో ఉత్పత్తి 2022లో ఆగింది. ఆ 4,000 అనే అంకెలో ఫోర్డ్ ఉద్యోగులే ఉన్నారు. ఫోర్డ్‌కు సీట్లు, బంపర్లు చేసి ఇచ్చే యూనిట్లలో పనిచేసినవాళ్లు లేరు. కార్మికుల పోరాటం, సుదీర్ఘ చర్చల తరవాత ఫోర్డ్ ఇచ్చిన పరిహారం సర్వీసులో ఏడాదికి సగటున 130 రోజుల వేతనం దాకా వెళ్లింది. చట్టం చెప్పే కనీసం 15 రోజులే. సంఘం ఉన్న చోట, పర్మినెంట్ రిజిస్టరు ఉన్న చోట వచ్చిన తేడా అది. కింది అంచెల వాళ్లు ఆ చర్చల బల్ల దగ్గర లేరు.

కర్మాగారం అమ్ముడుపోతే ఏమవుతుందన్నది కూడా ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. గుజరాత్‌లోని సనంద్‌లో ఫోర్డ్ ప్లాంటును టాటా సంస్థ 725.7 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు అర్హులైన వాహన తయారీ ఉద్యోగులను కూడా తీసుకుంది. మహారాష్ట్రలోని తలేగావ్‌లో జనరల్ మోటార్స్ 2020 డిసెంబరులో ఉత్పత్తి ఆపాక, ఆ స్థలాన్నీ కొన్ని యంత్రాలనూ కొనడానికి హ్యుందాయ్ 2023లో ఒప్పందం చేసుకుంది. పాత కార్మికుల పోరాటం మాత్రం కోర్టులలో సాగింది. రెండు చోట్లా ప్లాంటు నిలిచింది. మనుషుల కొనసాగింపు ఒక చోటే జరిగింది.

రెండో కారణం సాంకేతిక మార్పు. విద్యుత్ కారులో పిస్టన్లు, రింగులు, వాల్వులు, క్రాంక్‌షాఫ్ట్, ఇంధన ఇంజెక్టర్లు, స్పార్క్ ప్లగ్గులు, క్లచ్, సైలెన్సర్ ఉండవు. టైర్లు, బ్రేకులు, సీట్లు, అద్దాలు, లైట్లు, స్టీరింగ్ ఉంటాయి. వైరింగ్ అవసరమూ ఉంటుంది. అందుచేత ‘విద్యుత్ వాహనాలు వస్తే విడిభాగాల పరిశ్రమ పోతుంది’ అనే మాట సగమే నిజం. క్లచ్ ప్లేటు చేసే ఫ్యాక్టరీకీ సీటు చేసే ఫ్యాక్టరీకీ ఒకే భవిష్యత్తు లేదు. నెల్లూరు ఆటోనగర్‌లో పాత వాహనాలకు భాగాలు అమ్మే దుకాణాలను తీసుకున్నా, ఈ మార్పు అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. ఎందుకంటే ఈ రోజు రోడ్డెక్కిన డీజిల్ లారీకి పదిహేనేళ్ల తరవాత కూడా భాగాలు కావాలి. కొత్త వాహనాల కోసం పనిచేసే ఫ్యాక్టరీకి ఆ వెసులుబాటు లేదు, కొత్త మోడలు నిర్ణయం జరిగిన రోజే దాని ఆర్డరు తేలిపోతుంది.

మూడోది అప్పు. జపాన్, ఇటలీ మూలాలున్న మరెల్లి సంస్థ 2025 జూన్‌లోనూ, అమెరికాకు చెందిన ఫస్ట్ బ్రాండ్స్ అదే ఏడాది సెప్టెంబరులోనూ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లాయి. వాటి భాగాలకు గిరాకీ లేక కాదు, నెత్తిన ఉన్న అప్పు మోయలేక. చిన్న యూనిట్లకు అప్పు మరో రూపంలో వస్తుంది: సరుకు ఇచ్చినా బిల్లు రాకపోవడం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం చిన్న సరఫరాదారుకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యం చేసిన బకాయిని ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోకుండా ఆదాయపు పన్ను చట్టంలోనూ నిబంధన తెచ్చారు. అయినా తన ఏకైక కొనుగోలుదారు మీద ఫిర్యాదు చేయడం ఎంత కష్టమో, ఒకే ఏజెంటు మీద ఆధారపడిన చెరువు రైతును అడిగితే చెబుతాడు.

నాలుగోది వాణిజ్య అడ్డంకులు. అమెరికా 2025 మే 3 నుంచి దిగుమతి అయ్యే ముఖ్యమైన విడిభాగాల మీద 25 శాతం సుంకం వేసింది. అంతకు నెల ముందు చైనా అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతిని కట్టడి చేసింది; విద్యుత్ మోటారుకే కాక మామూలు కారులోని చిన్న మోటార్లకూ ఈ అయస్కాంతాలు కావాలి.

జర్మనీ వార్త మనకు ఎంతవరకు వర్తిస్తుంది?

నేరుగా వర్తించదు. ఐరోపాలో కార్ల అమ్మకాలు కోవిడ్‌కు ముందు స్థాయికి చేరనేలేదు, ఇంధనం ఖరీదు, వేతనాలు ఎక్కువ, చైనా పోటీ తీవ్రం. ఇంజిన్ భాగాల మీద బతికిన ఊళ్లు అక్కడ ఒక్కసారిగా మార్పును ఎదుర్కొంటున్నాయి. భారత్‌లో మాత్రం అక్మా లెక్క ప్రకారం 2024-25లో విడిభాగాల పరిశ్రమ వ్యాపారం 6.73 లక్షల కోట్ల రూపాయలకు చేరింది, అంతకు ముందు ఏడాది అది 6.14 లక్షల కోట్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద, 350 సీసీ లోపు ద్విచక్ర వాహనాల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18కి తగ్గించారు, విడిభాగాలన్నింటికీ 18 శాతమే చేశారు.

దీని మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి, రెండింటిలోనూ బలముంది. ఐరోపాలో మూతపడే పనిలో కొంత భారత్‌కు వస్తుందని పరిశ్రమ వర్గాలు అంటాయి. పోతపోయడం, ఫోర్జింగ్ (వేడి లోహాన్ని కొట్టి ఆకారం ఇవ్వడం) వంటి బరువు పనులు అక్కడ గిట్టుబాటు కాకపోతే పుణెకో చెన్నైకో రావచ్చు. పని వస్తుంది గానీ అదే సంఖ్యలో ఉద్యోగాలు రావు, వచ్చినవి కూడా కాంట్రాక్టు ఉద్యోగాలే అవుతాయని కార్మిక సంఘాలు అంటాయి. నాకు రెండో వాదనలోని భయమే ఎక్కువ సబబుగా తోస్తుంది. కొత్త ప్రెస్ లైనులో రోబో చేయి పెట్టిన చోట మునుపటంత మంది కనిపించరు. అయితే మొదటి వాదనను కొట్టిపారేయడానికీ లేదు, పని రాకపోతే ఏ రకం ఉద్యోగమూ ఉండదు.

చట్టంలో 300 అనే అంకె చుట్టూ ఉన్న వివాదం

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమలులోకి వచ్చాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల స్మృతి వచ్చింది. దీని ప్రకారం 300 మంది లేదా అంతకన్నా ఎక్కువ కార్మికులున్న ఫ్యాక్టరీ మాత్రమే లేఆఫ్‌కు, రిట్రెంచ్‌మెంట్‌కు, మూసివేతకు ప్రభుత్వ అనుమతి ముందుగా తీసుకోవాలి. మూయాలంటే 90 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. 60 రోజుల్లో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే. కేంద్ర చట్టంలో అంతకు ముందు హద్దు 100. ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రాలు సవరణలతో దాన్ని ముందే 300 చేసుకున్నాయి. చాలామందికి గుర్తులేని విషయం ఏమిటంటే, ఎమర్జెన్సీ కాలంలో 1976లో ఈ అనుమతి నిబంధనను మొదట తెచ్చినప్పుడు కూడా హద్దు 300గానే ఉండేది, తరవాత సవరణతో 100కు దించారు.

హద్దు 100 ఉంటే యజమానులు 99 దగ్గర ఆగిపోయి, మిగతావాళ్లను కాంట్రాక్టు మీద పెట్టుకుంటారని, పెద్ద ఫ్యాక్టరీలు పుట్టవని ఒక వాదం. మూసుకునే స్వేచ్ఛ ఉంటేనే తెరిచే ధైర్యం వస్తుందని దాని సారాంశం. 299 మంది ఉన్న యూనిట్‌లో పనిచేసేవాళ్లంతా ఇప్పుడు రక్షణ బయట పడ్డారని మరో వాదం. విడిభాగాల రంగంలో రెండో, మూడో అంచెల యూనిట్లు చాలామటుకు ఎప్పుడూ 100కు లోపే ఉన్నాయి కాబట్టి, వాటి కార్మికులకు పాత హద్దూ కొత్త హద్దూ ఒకటే అనేది ఇద్దరూ పెద్దగా చెప్పని మూడో సంగతి.

అనుమతి అక్కర్లేకపోయినా పరిహారం తప్పదు. ఏడాది సర్వీసు నిండిన కార్మికుడిని తొలగించాలంటే నెల నోటీసు లేదా నెల వేతనం, సర్వీసులో ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. యజమాని చేతిలో లేని కారణాలతో యూనిట్ మూతపడితే పరిహారాన్ని మూడు నెలల వేతనానికి పరిమితం చేయవచ్చు గానీ, ఆర్థిక ఇబ్బందులు, అమ్ముడుపోని నిల్వలు ఆ కారణాల కిందికి రావు. ఈ చిన్న వాక్యం మీద ఎన్నో వివాదాలు నడిచాయి. కొత్త స్మృతి దీనికి తోడుగా తిరిగి నైపుణ్యం నేర్చుకునేందుకు 15 రోజుల వేతనాన్ని ఒక నిధి ద్వారా ఇవ్వాలంటోంది. సంస్థ దివాలా తీసి ఆస్తులు అమ్మాల్సి వస్తే, 2016 దివాలా స్మృతి ప్రకారం అంతకు ముందు 24 నెలల కార్మికుల బకాయిలకు తాకట్టు ఉన్న బ్యాంకులతో సమాన స్థానం ఉంది.

ఒకే యంత్రం, ఇద్దరు మనుషులు, రెండు లెక్కలు

నెలకు 18,000 వేతనం, 8 సంవత్సరాల 7 నెలల సర్వీసు ఉన్న పర్మినెంట్ కార్మికుడిని ఊహించుకుందాం. సర్వీసు 9 ఏళ్లుగా లెక్కకు వస్తుంది. ఏడాదికి 15 రోజుల చొప్పున, అంటే 9,000 చొప్పున, తొలగింపు పరిహారం 81,000. సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీలో నెలను 26 రోజులుగా లెక్కిస్తారు కాబట్టి 18,000ను 26తో భాగించి 15తో, మళ్లీ 9తో హెచ్చవేస్తే సుమారు 93,460. నోటీసుకు బదులు నెల వేతనం 18,000. నైపుణ్య నిధి నుంచి సుమారు 9,000. మొత్తం 2,01,460 రూపాయలు, దాదాపు 11 నెలల జీతం. పీఎఫ్ అతని సొంత డబ్బు, అది వేరు. ఈ మొత్తంతో అతను కనీసం కొన్నాళ్లు ఇంటి అద్దె కట్టుకుంటూ మరో పని వెతుక్కోగలడు.

రెండో మనిషి ఊహ కాదు. కావలి దగ్గరి మా బంధువుల అబ్బాయి చెన్నై శివారులో ఒక విడిభాగాల ఫ్యాక్టరీ ప్రెస్ షాపులో 41 నెలలు పనిచేశాడు. పని ఆగిపోయి ఇంటికి వచ్చాక తన దగ్గరున్న కాగితాలన్నీ తెచ్చి మంచం మీద పరిచాడు. మూడు గుర్తింపు కార్డులు, మూడింటికీ మూడు రంగుల మెడ తాళ్లు, మూడింటి మీదా వేరు వేరు కాంట్రాక్టర్ల పేర్లు. ఫొటో ఒకటే, చేరినప్పుడు తీయించుకున్నది. ప్రెస్సు కూడా ఒకటే. మూడో కార్డు నాటికి దాని పెడలు ఏ మేరకు అరిగిందో, ఎక్కడ తొక్కితే సరిగ్గా పడుతుందో తన పాదానికి తెలుసని చెప్పాడు. నియామక పత్రం మొదటి కాంట్రాక్టరు దగ్గరే ఉండిపోయింది. జీతం పత్రాలు నాలుగైదు నెలలవి మాత్రం ఫోనులో ఉన్నాయి.

కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ సర్వీసు కొత్తగా మొదలైనట్టు చూపితే, అతనికి ఎవరి దగ్గర ఎన్నేళ్లు అన్నది వివాదమవుతుంది. గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. కొత్త సామాజిక భద్రతా స్మృతి ఏడాదికే ఇచ్చే వీలు కల్పించింది నిర్ణీత కాలపు ఒప్పందం మీద ఉన్నవారికి, అతని కార్డుల మీద ఆ మాట లేదు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించాలని చట్టం చెబుతుంది, కానీ అది పనిచేసిన రోజుల జీతం సంగతి. పని పోయిన రోజుల సంగతి కాదు. ఈఎస్‌ఐలో 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద పని పోయిన బీమాదారుకు సగటు రోజు సంపాదనలో కొంత భాగం జీవితంలో ఒకసారి, 90 రోజుల వరకు ఇస్తారు. మొదట 25 శాతంగా ఉన్న దాన్ని కోవిడ్ కాలంలో 50 శాతం చేశారు. నెలకు 15,000 వచ్చిన మనిషికి ఆ 50 శాతం లెక్కన రోజుకు 250, మొత్తం 22,500 రూపాయలు.

మంచం మీది కాగితాలలో ఒకటి మాత్రం మిగతావాటికి భిన్నంగా ఉంది. పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ అనే సంఖ్య కాంట్రాక్టరు మారినా మారదు. నెట్ సెంటర్‌లో ముద్రించి తెచ్చిన ఆ పాస్‌బుక్‌లో సంస్థల పేర్లు మూడు ఉన్నాయి. మొదటి దాని కింద 14 నెలలు, రెండో దాని కింద 13, మూడో దాని కింద 14. పేరు మారిన నెలల్లో కూడా జమ ఆగలేదు. 41 నెలల్లో ఒక్క నెలా ఖాళీ లేదు. వాళ్ల నాన్న ఆ వరసలను వేలితో ఒక్కొక్కటే తడుముతూ కిందిదాకా లెక్కపెట్టి, మూడు కార్డులనూ దాని పక్కన వరసగా పెట్టాడు.